గర్భసంచి తీయించుకునే ముందు కటి కండరాలు చూపించుకోండి

అమ్మా, మీరు రాసింది పూర్తిగా చదివాను. వయసు 36. రెండు సిజేరియన్లు, రెండోదాంతోపాటే కు.ని. ఆపరేషన్. మూడేళ్ళుగా పొత్తికడుపులో, గజ్జల్లో, తోక ఎముక దగ్గర నొప్పి. కుట్టు మిషన్ ముందు గంటసేపు కూర్చుంటే లేవలేకపోతున్నారు. గంటకోసారి మూత్రానికి వెళ్ళాలనిపిస్తోంది, మంటగా ఉంటోంది. భర్తతో కలయిక అంటేనే భయం పట్టుకుంది. స్కానింగులన్నీ నార్మల్, యూరిన్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు, అయినా యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు వాడారు. వీడియోలు చూసి కెగెల్ వ్యాయామాలు (కటి అడుగు కండరాలను బిగించి వదిలేవి) మొదలుపెడితే నొప్పి ఇంకా పెరిగింది. ఇప్పుడు గర్భసంచి తీసేద్దాం అన్నారట. తీయించుకోవాలా, వ్యాయామంతో తగ్గే దారి ఏమైనా ఉందా అని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్ళుగా స్త్రీల సమస్యలకే ఫిజియోథెరపీ చేస్తున్నాను. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు, చెప్పను. అయితే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేలోపు ఒక పని జరగాలి. మీ కటి కండరాలను తెలిసినవాళ్ళు ఎవరైనా చేత్తో పరీక్షించాలి. మీరు రాసినదాన్ని బట్టి ఇంతవరకు ఎవరూ ఆ పని చేసినట్టు లేదు.

స్కానింగులో గర్భసంచి, అండాశయాలు, గడ్డలు, నీటి బుడగలు కనిపిస్తాయి. కండరం బిగుసుకుపోయి ఉంటే మామూలు స్కానింగులో తెలియదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది గర్భసంచి బయట పెరగడం) కూడా పొరల మీద పల్చగా ఉన్నప్పుడు స్కానింగుకు చిక్కదు. కాబట్టి రిపోర్టు నార్మల్ అని రాగానే నొప్పి అబద్ధమైపోదు. "అన్నీ బాగానే ఉన్నాయంటున్నారు కదా, ఇంకా ఏంటి" అని ఇంట్లోవాళ్ళు అంటుంటే ఎంత నలిగిపోతారో నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ముందు ఏడ్చి, ఆ తర్వాతే మాట్లాడతారు.

ముందు వైపు మర్మాంగం పైన చేతికి తగిలే ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, కటి అడుగున కొన్ని కండరాలు పరుచుకుని ఉంటాయి. వీటినే పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రనాళం, యోనిమార్గం, మలద్వారం మూడూ వీటి మధ్యలోంచే బయటికి వస్తాయి. అందుకే ఇక్కడ బిగువు పడితే ఒకే మనిషికి మూత్రంలో మంట, మోషన్ కష్టం, కలయికలో నొప్పి, తోక ఎముక పోటు అన్నీ కలిసి వస్తాయి. ఒక్కో లక్షణానికి ఒక్కో డాక్టరు దగ్గరికి వెళ్తే అందరి దగ్గరా నార్మల్ అనే వస్తుంది.

బిగువు ఎందుకు పడుతుందంటే దెబ్బ తగిలిన చోటును కాపాడుకోవడం శరీరానికి అలవాటు. ఇన్‌ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్, కష్టమైన కాన్పు, ఆపరేషన్, ఏళ్ళ తరబడి మలబద్ధకం, ఇష్టంలేని స్పర్శ, వీటిలో దేనితోనైనా మొదలు కావచ్చు. అసలు కారణం తగ్గిపోయాక కూడా కండరం వదలదు. ఆరు నెలలు దాటితే నరాల వ్యవస్థ కూడా సున్నితమైపోయి, మామూలుగా నొప్పి అనిపించకూడని తాకిడికి కూడా నొప్పి సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. పిడికిలి పొద్దున్నుంచి రాత్రి దాకా బిగించి ఉంచితే చెయ్యి ఎలా లాగుతుందో ఒక్కసారి ఊహించండి. ఆ చెయ్యికి బలం చాలడం లేదని చెప్పి ఇంకా గట్టిగా బిగించమంటే ఎలా ఉంటుంది? మీరు చేసిన కెగెల్ అదే.

కెగెల్ చెడ్డది అనడం లేదు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో ఈ వ్యాయామాన్ని రాసింది కాన్పు తర్వాత మూత్రం జారిపోయే స్త్రీల కోసం. వదులైన కండరానికి అది మంచి మందు. బిగుసుకున్న కండరానికి పనికిరాదు. మూత్రాశయ నొప్పి ఉన్నవాళ్ళకు ఇలా బిగించే వ్యాయామాలు వద్దని అమెరికన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాల్లోనే ఉంది. అందుకని ఇవాళ్టి నుంచే మానేయండి. టీవీలో చూసి మూలబంధం, అశ్వినీ ముద్ర, కపాలభాతి చేస్తుంటే అవి కూడా ప్రస్తుతానికి ఆపండి, మొదటి రెండూ ఆ కండరాలను బిగించేవే, మూడోదానిలో పొట్ట లోపలికి కొట్టుకుంటూ ఉంటుంది. క్రంచెస్, ప్లాంక్ కూడా ఇప్పుడు వద్దు.

పరీక్ష గురించి చెప్తాను, ఎందుకంటే చాలామంది భయపడి ఆగిపోయేది ఇక్కడే. ముందు మీ కథంతా వింటారు, వినాలి. నడక, నడుము, తుంటి కీళ్ళు చూస్తారు. పడుకోబెట్టి పొట్ట మీద వేలితో నొక్కి, నొప్పి ఉన్న చోట వేలు అలాగే ఉంచి తల, భుజాలు కొంచెం పైకి లేపమంటారు. అప్పుడు నొప్పి తగ్గితే లోపలి అవయవాల వైపు చూడాలి. అంతే ఉన్నా, పెరిగినా పొట్ట గోడలోనే, అంటే కండరంలోనో నరంలోనో కుట్టు మచ్చలోనో సమస్య ఉండే అవకాశం ఎక్కువ. 1926లో కార్నెట్ అనే సర్జన్ చెప్పిన పరీక్ష ఇది. యంత్రం అక్కర్లేదు, అర నిమిషం పని. అయినా చేసేవాళ్ళు తక్కువ.

తర్వాత, మీరు ఒప్పుకుంటేనే, లోపలి పరీక్ష. గ్లవ్, జెల్, ఒక్క వేలు. స్పెక్యులం, అంటే యోనిమార్గం తెరిచి చూసే పరికరం, పెట్టరు. ఎడమ, కుడి, వెనక ఒక్కోచోట మెల్లగా నొక్కుతూ పదికి ఎంత నొప్పి అని అడుగుతారు. మోకాలును బయటికి నెట్టమని చెయ్యి అడ్డం పెడతారు, ఆ నెట్టేటప్పుడు తుంటి లోపలి కండరం వేలికి తగులుతుంది. కొందరికి ఒకచోట నొక్కగానే "ఇదే, ఇదే నా నొప్పి" అని నోటి నుంచి వచ్చేస్తుంది. ఇంకో చోట నొక్కితే మూత్రం ఆగదన్నంత అర్జెంటుగా అనిపిస్తుంది. మూడేళ్ళుగా యూరిన్ ఇన్‌ఫెక్షన్ అనుకున్నది కండరమని అప్పుడు అర్థమవుతుంది. ఎప్పుడు ఆపమన్నా ఆపాలి. వద్దంటే బయటి నుంచే తోక ఎముక పక్కన, కూర్చునే ఎముకల లోపలి అంచున తాకి చాలావరకు తెలుసుకోవచ్చు. పెళ్ళికాని అమ్మాయిలకు అలాగే చూస్తాం. ఆడ థెరపిస్టు కావాలని అడగడం మీ హక్కు, పక్కన తోడు ఒకరిని ఉంచుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల స్త్రీల విభాగంలో ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేసినవాళ్ళు దొరుకుతారు. ఫోన్ చేసినప్పుడు "పెల్విక్ ఫ్లోర్ పరీక్ష చేస్తారా, బిగువు తగ్గించే చికిత్స చేస్తారా" అని ముందే అడగండి. నడుముకు కరెంటు పెట్టి, బెల్టు ఇచ్చి, పది రోజులు రమ్మనే చోట మీ డబ్బు వృథా. చర్మం మీద సన్నటి కరెంటు పెట్టే టెన్స్ మిషన్ నొప్పి ఎక్కువున్న రోజున కాస్త ఊరట ఇస్తుంది, అంతవరకే. డయాథర్మీ అనే యంత్రంతో లోపలికి వేడి పెడతామంటే, మీకు కు.ని. ఆపరేషన్ అయింది కాబట్టి సరే గానీ, గర్భసంచిలో కాపర్ టీ (రాగి తీగ ఉన్న గర్భనిరోధక సాధనం) ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

చేతి చికిత్స పనిచేస్తుందా అంటే ఉత్తర అమెరికాలో 81 మంది స్త్రీల మీద చేసిన పరిశీలన 2012లో వచ్చింది. అందరికీ మూత్రాశయ నొప్పి, కటి కండరాల్లో నొప్పి రెండూ ఉన్నాయి. ఒక గుంపుకు కటి, పొట్ట, తొడ కండరాల బిగువు వదిలించే చికిత్స చేశారు, ఇంకో గుంపుకు ఒళ్ళంతా మామూలు మసాజ్. గంట చొప్పున పది సిట్టింగుల దాకా. మొదటి గుంపులో 59 శాతం మంది, రెండో గుంపులో 26 శాతం మంది చెప్పుకోదగ్గంత మేలు కలిగిందన్నారు. 59 అంటే నూరు కాదని గుర్తుంచుకోండి. కానీ శరీరంలోంచి ఏదీ కోసి తీసేయకుండా వచ్చే మేలు ఇది. ప్రయత్నించి చూడకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఇంట్లో మొదలుపెట్టాల్సింది ఊపిరితో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. గాలి లోపలికి తీసుకున్నప్పుడు ఛాతీకి పొట్టకి మధ్యనున్న డయాఫ్రం కిందికి దిగుతుంది, దాంతోపాటే కటి కండరాలూ కొంచెం కిందికి దిగి సాగుతాయి. వదిలినప్పుడు రెండూ పైకి వస్తాయి. రోజంతా పొట్ట లోపలికి పీల్చుకుని తిరిగేవాళ్ళకు ఈ కదలికే ఉండదు. మన ఆడపిల్లలకు చిన్నప్పుడే "పొట్ట లోపలికి పెట్టు" అని నేర్పుతాం. పైగా లంగా బొందు నడుము మీద గాటు పడేంత బిగించి కడతాం. నా దగ్గర మొదటిరోజు చాలామందికి ముందు ఆ బొందు వదులు చేయించాకే ఊపిరి పాఠం మొదలవుతుంది.

నైటీలోనో వదులు బట్టల్లోనో మంచం మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళ కింద రెండు దిండ్లు, తొడలు వాటి మీద పూర్తిగా వాలిపోవాలి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు కింద. ముక్కుతో మెల్లగా నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకోండి. కింది చెయ్యి లేవాలి, పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. ఆ గాలి కింద మలద్వారం దాకా వెళ్తున్నట్టు, అక్కడ మెత్తగా తెరుచుకుంటున్నట్టు గమనించండి. మూత్రం మొదలయ్యే క్షణంలో ఒక చిన్న వదులు వస్తుంది చూడండి, ఆ వదులే కావాలి. ముక్కకూడదు, నెట్టకూడదు. ఆరు లెక్కపెట్టేంతసేపు నోటితో గాలి వదిలేయండి, వదిలేటప్పుడు బిగించకండి. ఐదేసి నిమిషాలు, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. మొదటి వారం ఏమీ తెలియదు. చాలామంది "నాకు కింద ఏమీ తెలియడం లేదండీ" అంటారు, అది సహజం. కూర్చున్నప్పుడు అరచెయ్యి కూర్చునే ఎముక కింద పెట్టుకుంటే ఊపిరితో వచ్చే కదలిక పట్టుబడుతుంది. దవడ కూడా చూసుకోండి, పళ్ళు బిగబట్టి ఉంటే కింద వదలడం కష్టం.

ఇది అలవాటైతే, పది రోజులకు ఇటూ అటుగా, సాగదీసేవి కలపండి. బాలాసనం (మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగడం) వేయండి, కానీ మోకాళ్ళు దూరంగా పెట్టి, ఛాతీ కింద దిండు పెట్టుకుని, నుదురు చేతుల మీద ఆనించి. వెల్లకిలా పడుకుని అరికాళ్ళు కలిపి బద్ధకోణాసనం, రెండు మోకాళ్ళ కిందా దిండ్లు తప్పనిసరి, గాల్లో వేలాడితే తొడ కండరం మళ్ళీ బిగుస్తుంది. ఒక చీలమండ ఇంకో మోకాలి మీద వేసి ఆ తొడను ఛాతీ వైపు లాక్కుంటే పిరుదు లోపలి కండరం సాగుతుంది. మార్జాలాసనం (చేతులు, మోకాళ్ళ మీద ఉండి వీపును పైకి, కిందికి వంచడం) మెల్లగా, ఊపిరితో కలిపి. ఒక్కోదానిలో ఐదారు ఊపిరులు ఉండండి. మలాసనం (గొంతుకూర్చోవడం) మంచిదే, అయితే మోకాళ్ళు సహకరిస్తేనే, కిటికీ ఊచలు పట్టుకుని, పిరుదుల కింద చిన్న పీట పెట్టుకుని. లాగుతున్నట్టు ఉండొచ్చు, పోటు రాకూడదు.

సిజేరియన్ గీత దగ్గర వేలితో చర్మాన్ని పైకి, కిందికి, పక్కలకు జరిపి చూడండి. ఒకచోట కదలకుండా అతుక్కుని ఉంటే అక్కడ కొంచెం కొబ్బరినూనె రాసి రోజూ ఐదు నిమిషాలు చర్మాన్ని ఆ దిక్కుకే మెల్లగా జరపండి. పాత మచ్చ అయినా లొంగుతుంది. మొదట్లో తాకబుద్ధి కాదు, తిమ్మిరిగానో చిరాకుగానో ఉంటుంది. అలాంటప్పుడు మెత్తటి నూలు గుడ్డతో నిమరడం దగ్గర మొదలుపెట్టండి.

నడక మానకండి. ఎంత నడవాలన్నది ఇవాళ ఎంత ఓపిక ఉందన్నదాన్ని బట్టి తేల్చకూడదు, మర్నాడు ఎలా ఉందన్నదాన్ని బట్టి తేల్చాలి. పదిహేను నిమిషాలు నడిస్తే మర్నాడు లేవలేకపోతున్నారంటే పది నిమిషాల దగ్గర మొదలుపెట్టి, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. బాగున్న రోజున ఇల్లంతా కడిగి, బట్టలన్నీ ఉతికి, తర్వాత మూడు రోజులు పడుకోవడం మన ఆడవాళ్ళు చేసే పని. నొప్పిని నిలబెట్టేది అదే. వ్యాయామం తర్వాత నొప్పి పదికి రెండు పాయింట్లు పెరిగి, 24 గంటల్లో తగ్గిపోతే భయం లేదు. అంతకంటే ఎక్కువైతే తగ్గించండి, పూర్తిగా ఆపకండి. నెలా రెండు నెలలకు వదలడం వచ్చాక బలం పెంచే వ్యాయామాలకు వెళ్ళాలి. సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం), కుర్చీలో కూర్చుని లేవడం, పక్కకు పడుకుని కాలు లేపడం. బరువు ఎత్తే క్షణంలో గాలి వదలాలి, బిగబట్టకూడదు.

కుట్టు పని మీ జీవనం కాబట్టి మానమనను. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగండి. చెక్క స్టూలు మీద కాకుండా మెత్త ఉన్న కుర్చీ వాడండి, పాదాలు రెండూ నేలకు ఆనాలి. కూర్చుంటే మంటగా, కరెంటు కొట్టినట్టు ఉండి, కమోడ్ మీద కూర్చుంటే మాత్రం తేలిగ్గా ఉంటుందా? అలా ఉంటే పుడెండల్ నరం (మర్మాంగాలకు, మలద్వారానికి వెళ్ళే నరం) ఒత్తుకుంటోందేమో చూడాలి, థెరపిస్టుకు ఆ మాట తప్పకుండా చెప్పండి.

మూత్రం విషయంలో, నీళ్ళు తగ్గించకండి, తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది. "ఎందుకైనా మంచిది" అని బయల్దేరే ముందల్లా వెళ్ళడం మానండి. కోరిక రాగానే పరిగెత్తకుండా నిలబడి నాలుగు ఊపిరులు తీసుకోండి, ఐదు నిమిషాలు వాయిదా వేయండి, వారం వారం ఆ విరామం పెంచుకుంటూ మూడు గంటలకు తీసుకెళ్ళాలి. దీనికి వ్యతిరేకంగా, టాయిలెట్ లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకునే టీచర్లు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఆపుకోవడమంటే గంటల తరబడి ఆ కండరాలు బిగించడమే. వాళ్ళకు వ్యాయామం కంటే ముందు టాయిలెట్ కావాలి. కల్చర్‌లో ఏమీ పెరగనప్పుడు మంట ఉంది కదా అని యాంటీబయాటిక్ అడగకండి. మోషన్‌కు వెస్టర్న్ కమోడ్ అయితే పాదాల కింద పీట వేసుకోండి, ముక్కకండి.

కలయిక గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నొప్పిని ఓర్చుకోవడం మీ బాధ్యత కాదు. ఓర్చుకున్న ప్రతిసారీ కండరం ముందే బిగుసుకోవడం నేర్చుకుంటుంది, వచ్చే నెలకు ఇంకా కష్టమవుతుంది. కొన్నాళ్ళు లోపలికి ప్రవేశం లేకుండా ఉందామని భర్తకు చెప్పండి. చెప్పలేకపోతే ఒక సిట్టింగుకు ఆయన్ని తీసుకురండి, మేం చెప్తాం. బొమ్మ గీసి కండరం ఎక్కడ బిగుస్తుందో చూపిస్తే చాలామంది మగవాళ్ళు అర్థం చేసుకుంటారు, ఇన్నాళ్ళూ తమంటే ఇష్టం లేదనుకున్నామని అంటారు. తర్వాత డైలేటర్లతో (చిన్న సైజు నుంచి మొదలుపెట్టి యోనిమార్గానికి వదలడం అలవాటు చేసే నున్నటి గొట్టాలు), లూబ్రికెంట్‌తో మెల్లగా మొదలుపెట్టించే పద్ధతి ఉంది.

ఇక గర్భసంచి మాట. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. నడుం నొప్పికి, తెల్లబట్టకి, పొత్తికడుపు నొప్పికి "తీసేస్తే ఏ గొడవా ఉండదు" అన్న మాట మన పల్లెల్లో ఎంత తేలిగ్గా వినిపిస్తుందో మీకూ తెలుసు. నొప్పి కండరంలోనో నరంలోనో ఉంటే గర్భసంచి పోయినా నొప్పి ఉంటుంది, ఆపరేషన్ మచ్చ ఇంకొకటి తోడవుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే 36 ఏళ్ళకే మెనోపాజ్, ఎముకల అరుగుదల, గుండె జబ్బు ముప్పు. అడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకి పెరగడం), పెద్ద ఫైబ్రాయిడ్లు (గర్భసంచి గడ్డలు), ఆగని రక్తస్రావం ఉన్నవాళ్ళకు ఈ ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది, దాన్ని నేను కాదనను. మీ డాక్టరుగారిని ఇలా అడగండి: "నొప్పి గర్భసంచి నుంచే వస్తోందని ఏ ఆధారంతో అంటున్నారు? అండాశయాలు ఉంచుతారా? మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి చూస్తే నష్టమేమైనా ఉందా?" ఇంకో గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోవడం మీ డాక్టరుగారిని అవమానించినట్టు కాదు. ఇప్పుడు వాడుతున్న మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మూడు నెలలు ఆగమన్నానని కొన్నిటికి ఆగకూడదు. నెల తప్పి ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, జ్వరంతో పాటు దుర్వాసన తెల్లబట్ట, మూత్రంలో గానీ మలంలో గానీ రక్తం, కలయిక తర్వాత రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, కూర్చునే భాగమంతా మొద్దుబారడం, మూత్రం గానీ మోషన్ గానీ పట్టు తప్పడం. వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది చదివే పెద్దవాళ్ళకు కూడా ఒక మాట. ముట్లుడిగాక కనిపించే రక్తం, యాభై దాటాక తగ్గని కడుపు ఉబ్బరం వ్యాయామంతో చూసుకునేవి కావు.

థెరపిస్టు దగ్గరికి వెళ్ళేలోపు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయండి. తేదీ, నెలసరిలో ఎన్నో రోజు, పొద్దున నొప్పి పదికి ఎంత, రాత్రి ఎంత, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళారు, మోషన్ అయిందా, మిషన్ దగ్గర ఎంతసేపు కూర్చున్నారు, నిద్ర ఎన్ని గంటలు. నెలసరి ముందు రోజుల్లోనే నొప్పి రెట్టింపవుతున్నట్టు ఆ బుక్కులో కనిపిస్తే ఎండోమెట్రియోసిస్ గురించి గైనకాలజిస్టును మళ్ళీ అడగాలి. నెలసరితో సంబంధం లేకుండా కూర్చున్న రోజుల్లో పెరుగుతుంటే కండరం వైపు ముందు చూడాలి. పాత రిపోర్టులు, రెండు సిజేరియన్ల డిశ్చార్జి కాగితాలు, యూరిన్ కల్చర్లు కూడా ఆ బుక్కుతోపాటే తీసుకెళ్ళండి.